దమయంతి రాసినవన్నీ మంచి మాటలే

"గుడ్డుని గిన్నె అంచుకి కొట్టండి," అంది దమయంతి.

రాబర్ట్ కొట్టాడు. సొన సగం గిన్నెలోనూ సగం బల్ల మీదా పడింది. ఆమె గుడ్డ తీసుకుని బల్ల తుడిచి, "గ్రాండ్," అంది. ఐర్లండు వచ్చిన కొత్తలో ఆమెకి పట్టుబడిన మొదటి మాట అది. బాగున్నా గ్రాండే, బాగోకపోయినా గ్రాండే. అచ్చం ఆమె కోసమే పుట్టినట్టుండేది.

స్లైగో ఊరి చివర, తలకి దెబ్బలు తగిలినవాళ్ళని మళ్ళీ బతుకులో పెట్టే చిన్న ఆసుపత్రి అది. అందులో దమయంతి ఆక్యుపేషనల్ థెరపిస్టు. అంటే ఏమిటని కాకినాడలో చుట్టాలు అడిగితే, "బొత్తాలు పెట్టుకోవడం, టీ కాచుకోవడం నేర్పుతానండి" అనేది. దానికీ ఓ చదువేనా అని వాళ్ళు నవ్వితే తనూ నవ్వేది. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు గట్టిగా ముడి వేసి, ముదురు నీలం యూనిఫారం మీద ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల స్వెటర్ వేసుకునేది. చలి భయం అనుకునేవారు అందరూ. స్వెటర్ కింద ముంజేతుల మీద పసుపూ ఆకుపచ్చా కలిసిన కమిలిన మచ్చలు ఉండేవి. అవి రాబర్ట్ వేళ్ళవి.

రాబర్ట్ ఆరడుగుల పైచిలుకు రైతు. వసంతకాలంలో సొంత ఎద్దే అతని తలని గేటుకి అదిమేసింది. బతికాడు గానీ, ఎడమ పక్క అనేది ఒకటుందని మెదడు మరిచిపోయింది. పళ్ళెంలో కుడి సగం తిని ఇంకా పెట్టమంటాడు. గడ్డం కుడి సగమే గీసుకుంటాడు. ఎడమ పక్క నుంచి ఎవరైనా వెళితే గాల్లోంచి ఊడిపడ్డట్టే అతనికి. పిడికిలి ముందు, ప్రశ్న తర్వాత. ఈ సంగతి వార్డులో అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ ఎక్కడా రాయలేదు.

ఆ ఉదయం వంటగదిలో పాలసీసా బల్ల ఎడమ అంచున, పడిపోవడానికి సిద్ధంగా ఉంది. దమయంతి చూసింది. ఇరవై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్ళింది. అటు తిరిగి రెండడుగులు వేసి సీసా పట్టుకునేలోపు రాబర్ట్ పొయ్యి మీది గిన్నె అందుకున్నాడు. గంజి కాచే గిన్నె, అడుగు దళసరి, ఖాళీగా ఉన్నా బరువే. అది ఆమె ఎడమ కణతకి తగిలింది.

చప్పుడు పెద్దగా ఏం కాలేదు. దమయంతి ప్రెస్ తలుపుకి గుద్దుకుని కింద కూలబడింది. ప్రెస్ అంటే ఇక్కడ గోడ బీరువా. సీసా పగిలి పాలు ఆమె మోకాళ్ళ కిందికి పారాయి. రాబర్ట్ గిన్నె పట్టుకుని ఆమె మీదికి వంగాడు. ఒక క్షణం ఇంకోటి వేస్తాడనే అనుకుంది. అతని కళ్ళు ఆమెని వెతికి, దొరకబుచ్చుకుని, చల్లబడ్డాయి.

"నా గంజేదీ?" అన్నాడు.

"చేద్దాం," అంది దమయంతి నేల మీద నుంచే.

లేచింది. గాజుపెంకులు ఏరింది. తల ఒక పక్క మొద్దుబారింది గానీ రక్తం లేదు. ముడి విప్పి, కణత కప్పేలా జుట్టు వదులుగా లాగి మళ్ళీ వేసుకుంది. అప్పుడు గిన్నె కేసి చూస్తే హ్యాండిల్ మర వదులై ఒక పక్కకి వాలిపోయి ఉంది. రేపు ఎవరో రోగి దీంతో నీళ్ళు కాచుకుంటే, ఊడితే? కాళ్ళు కాలిపోవూ? సొరుగులోంచి అట్టముక్క తీసి, గుండ్రటి అక్షరాలతో నాలుగు మాటలు రాసి, దారంతో హ్యాండిల్‌కి కట్టి, గిన్నెని ప్రెస్ వెనకాలకి నెట్టింది. దమయంతి అలాంటి మనిషి. గిన్నెకి తగిలిన దెబ్బ ఆమెకి వెంటనే కనిపించింది.

రాబర్ట్‌ని కుడి పక్కనే నడిపించి గదిలో దిగబెట్టి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుంది. రోగి ఏం చెప్పాడు, తను ఏం చూసింది, దాన్ని బట్టి ఏం తేలింది, ఇక ఏం చేయాలి. ప్రతి రోగికీ ప్రతి రోజూ ఈ నాలుగు గళ్ళూ నింపాలి. రెండో గడిలో ఇలా రాసింది: "ఉత్సాహంగా పాల్గొన్నారు. కొంచెం అలసట. పాలు ఒలికాయి."

ఇలా ఎందుకు రాస్తుందంటే, అది చిన్నప్పటి కథ. పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారనీ, మనం ఏ మాటంటే దానికి తథాస్తు అనేస్తారనీ, అందుకే నోటంట చెడు పలకకూడదనీ వాళ్ళమ్మ పొద్దస్తమానం చెప్పేది. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోతే కొండెక్కింది అనాలి. నాన్న అమ్మ జుట్టు పట్టుకుని గోడకేసి కొడితే, పొద్దున్న పక్కింటావిడతో గడప తగిలిందనాలి. దమయంతి గుమ్మంలో నిలబడి అన్నీ చూసేది. ఎవరడిగినా గడపే అనేది. ఒకసారి నాన్న ఇత్తడి చెంబు విసిరితే అమ్మ చెవి వెనక చీలింది. ఆ రక్తం కడుగుతూ కూడా అమ్మ, "ఏం లేదమ్మా, ఏం లేదు," అంటూనే ఉంది. ఎవరి కోసం అన్నదో దమయంతికి ఇప్పటికీ తెలీదు. పెళ్ళిచూపులప్పుడు రామమోహన్‌ని ఆమె ఒక్కటే అడిగింది: "మీకు కోపం వస్తే ఏం చేస్తారండి?" బయటికెళ్ళి నడుస్తానన్నాడాయన. ఆ ఒక్క జవాబుకే చేసుకుంది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఇప్పుడు డబ్లిన్ పక్కన లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్పుల కంపెనీలో పని, శుక్రవారం రాత్రి ఇంటికొస్తాడు. ఆ రోజు శుక్రవారమే.

పెళ్ళితో గడప మాట పోయింది గానీ నోటి అలవాటు పోలేదు. అరిచిన రోగి ఆమె రాతలో "కొంచెం కలత చెందాడు". ఉమ్మేసినవాడికి "ఆ రోజు మనసు బాగోలేదు". చెడు రాస్తే అది రోగి నుదుటి మీద కూర్చుంటుందని ఆమె నమ్మకం. నమ్మకంలో కొంత నిజమూ ఉంది. కొడతాడని ఒక్క ముక్క ఫైల్లో పడితే ఏ నర్సింగ్ హోమూ తీసుకోదు. ఏటా రికార్డులు తనిఖీ చేసేవాళ్ళు వచ్చి దమయంతి నోట్స్‌కి నూటికి నూరు వేసేవారు. సంతకం ఉందా, ఉంది. తేదీ ఉందా, ఉంది. నాలుగు గళ్ళూ నిండాయా, నిండాయి. నిజం ఉందా అనే గడి వాళ్ళ కాగితంలో లేదు మరి. ఆ నోట్స్‌ని కొత్తవాళ్ళకి నమూనాగా చూపించేవారు కూడా. చెక్కిన బొమ్మలా ఉండేది ప్రతి వాక్యం, ఊపిరొక్కటే తక్కువ.

యోనా తలుపు తోసుకుని వచ్చాడు. గుంటూరు పక్క మనిషి, నలభై దాటినవాడు, వార్డులో రోగులని లేపడం, స్నానాలు చేయించడం అతని పని.

"అక్కా, మధ్యాహ్నం రాబర్ట్ మీటింగ్ కదా. ఇంటికి పంపేస్తున్నారంట?"

"చూడాలి యోనా."

"చూసేదేముంది? మీ రిపోర్ట్ బట్టే అంట. నన్ను మొన్న గుద్దాడు, ఇదిగో." చొక్కా ఎత్తి పక్కటెముకలు చూపించాడు. "సిస్టమ్‌లో ఎక్కిద్దామని చూస్తే మీరు ఆ రోజు బ్రహ్మాండంగా ఉన్నాడని రాసున్నారు. నేనొకటి రాసి మీరొకటి రాస్తే నన్ను నమ్ముతారా ఏంటి? ఊరుకున్నా."

దమయంతి స్వెటర్ చేతులు ఇంకాస్త కిందికి లాక్కుంది.

"వాళ్ళావిడ ఒక్కతే ఉంటదక్కా అక్కడ. పొలాల మధ్య ఇల్లు. అరిచినా వినేవాడు లేడు." అని వెళ్ళిపోయాడు.

అదీ సంగతి. రెండింటికి మీటింగ్. పెద్ద డాక్టరు రాబర్ట్‌ని పట్టుకుని చూసింది తక్కువ, దమయంతి నోట్స్ చదివింది ఎక్కువ. ఆ నోట్స్ ప్రకారం రాబర్ట్ ఇవాళ సాయంత్రం భార్య నోరా చేతిలోకి వెళ్ళిపోతాడు. ఎడమ పక్కకి వెళ్ళకూడదని నోరాకి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. చెబితే మాత్రం, ఒకే ఇంట్లో ఒకే మంచం మీద బతికే మనిషికి కుడి పక్కే ఎక్కణ్ణుంచి వస్తుంది?

భోజనం ముద్ద నోట్లోకి పోలేదు. బాత్రూంలోకి వెళ్ళి కక్కింది. తలలో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంది. తలకి దెబ్బ తగిలినవాళ్ళు వాంతి చేసుకుంటే ఏం చేయాలో ఆ గోడ మీదే పెద్ద బొమ్మలతో అంటించి ఉంది. అంటించింది కూడా దమయంతే. బొమ్మ కేసి చూసి, రెండు తలనొప్పి మాత్రలు మింగింది. అంతలో కూతురు ఆశ్రిత డబ్లిన్ నుంచి ఫోన్ చేసింది. తల్లి తెలుగులో మాట్లాడితే ఆ పిల్ల ఐరిష్ యాసలో ఇంగ్లీషు మాట్లాడుతుంది.

"యూ సౌండ్ రెక్డ్, అమ్మా."

"అలిసిపోయానమ్మా, అంతే. గ్రాండ్. నాన్నగారొచ్చేసరికి పప్పు వండాలి."

"గో హోమ్, విల్ యా?"

"వెళ్తా, మీటింగవ్వగానే."

నోరా ముందుగానే వచ్చింది. సన్నటి మనిషి, పొడుగు కోటు, చేతిలో రాబర్ట్‌కి కొత్త చొక్కా. భర్తని మంచం నుంచి కుర్చీలోకి ఎలా దింపాలో దమయంతి ఆమెకి నేర్పాలి. వంటగదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కప్పు అందుకోవడానికి నోరా చెయ్యి చాచితే కోటు పైకి జరిగింది. మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ళూ ఒక బొటనవేలూ, నల్లగా, అచ్చు గుద్దినట్టు. కిందటి వారాంతం రాబర్ట్‌ని రెండు రోజులు ఇంటికి పంపి చూశారు. అన్నీ బాగా జరిగాయని దమయంతే ఫోన్లో అడిగి రాసుకుంది.

"ఇదేమిటి నోరా?"

"ప్రెస్ తలుపు తగిలింది," అంది నోరా. వెంటనే, చల్లగా, చూపు తిప్పకుండా.

దమయంతికి ఆ జవాబు తెలుసు. గడప. కాకినాడ గడప సముద్రాలు దాటి వచ్చి ప్రెస్ తలుపయి కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలీక, తన స్వెటర్ చేతులు రెండూ మోచేతుల దాకా లాగి బల్ల మీద పెట్టింది. నోరా ఆ పసుపుపచ్చ మచ్చలని చాలాసేపు చూసింది. తన మణికట్టు పక్కన పెట్టి పోల్చి చూసింది కూడా.

"అతని బొటనవేలు కాస్త వంకర," అంది. "ఇక్కడా అలాగే పడింది."

"ఎద్దు అదిమాక అలా మారిపోయాడు. మెదడు దెబ్బ. అతని తప్పు కాదు," అంది దమయంతి అలవాటుగా.

నోరా కప్పు కింద పెట్టింది. "ఎద్దుని అనకండి. దానికన్నా ముందు నుంచీ అంతే. పెళ్ళయిన ఏడే నా పన్ను ఊడగొట్టాడు. చలిమంట పొయ్యి ముందు జుట్టు పట్టుకుని, మొహం నిప్పు దగ్గరికి ఎంత వంచితే అరుస్తానో చూసేవాడు. ఎద్దు అదిమిన రోజు నేను గేటు అవతలే నిలబడున్నాను. గడియ తీయడానికి నాకు చాలాసేపు పట్టింది." కోటు చెయ్యి మణికట్టు మీదికి లాక్కుంది. "అతన్ని ఇంటికి తీసుకెళ్ళనని నా నోటితో చెప్పలేను. ఊళ్ళో ఏమంటారు? మీరు రాస్తే రాసినట్టు."

దమయంతికి ఒళ్ళు మండింది. నోరా మీద కాదు, రాబర్ట్ మీద కూడా కాదు. తన చక్కటి అక్షరాల మీద.

మీటింగ్ ఇంకా అరగంట ఉంది. కంప్యూటర్ ముందు కూర్చుంది. రాసిన పాత నోట్స్‌ని చెరపడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, ఆలస్యంగా చేరుస్తున్నానని చెప్పి కొత్తవి కింద కలపాలి. కలిపింది. పిడికిలితో ఛాతీ మీద గుద్దాడు. మెడ పట్టుకున్నాడు. యోనాని పక్కటెముకల్లో గుద్దాడు. ఎడమ పక్క నుంచి ఎవరూ వెళ్ళరాదు. భార్య మణికట్టు మీద వేలిముద్రలు చూశాను, ప్రమాదానికి ముందు నుంచీ కొడుతున్నాడని ఆమె చెప్పింది. ఇంటికి పంపితే ఆమె ప్రాణానికి ముప్పు. ఒక్కో మాట కొట్టాక ఒకసారి పైకప్పు కేసి చూసింది, ఎవరైనా తథాస్తు అన్నారేమోనని. అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయి. ఒక కన్ను మూసుకుని రాసింది.

చివరికి ఆ ఉదయం దగ్గరికి వచ్చింది. "వంటగదిలో గిన్నె ఎత్తాడు," అని రాసింది. కొట్టాడు అని రాయడానికి వేళ్ళు రాలేదు. ఆ మాట చూసి సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఇంకో గడి తెరిచింది: సిబ్బందికి గాయాలు? ఉన్నాయంటే ఇప్పుడే ఎమర్జెన్సీకి లాక్కుపోతారు. మీటింగ్ తను లేకుండానే నడుస్తుంది. అది ఒక కారణం, మంచి కారణమే. కానీ అసలు కారణం అది కాదు. పరాయివాళ్ళ చెడు రాయడానికి ఆమెకి ఇవాళ ధైర్యం వచ్చింది. తన మీద తాను చెడు పలుక్కోవడం వాళ్ళమ్మ నేర్పలేదు.

"లేవు," అని నొక్కింది.

మీటింగ్‌లో పెద్ద డాక్టరు, "ఇన్నాళ్ళూ మీరు రాసింది చదివే ఒప్పుకున్నానే?" అంది.

"మీరు చదవడం సరిగ్గానే చదివారు. నేనే సరిగ్గా రాయలేదు," అంది దమయంతి. మొత్తం చదివి వినిపించింది.

రాబర్ట్ కుర్చీలో కూర్చుని కొత్త చొక్కా బొత్తాలు చూసుకుంటున్నాడు. ఇంటికి కాదన్న మాట అతనికి మెల్లిగా ఎక్కింది. ఎక్కగానే బల్ల తిరగబడింది. కప్పులు గోడకి తగిలి పేలాయి. అతను నేరుగా, ఏ తడబాటూ లేకుండా, కుడి పక్క కూర్చున్న నోరా మీదికి వెళ్ళి గొంతు రెండు చేతులా పట్టుకున్నాడు. కుడి పక్క! మెదడు దెబ్బ అనుకున్న చేతులు దారి తప్పకుండా వెళ్ళాయి. యోనా అడ్డం పడితే మోచేత్తో నోటి మీద కొట్టాడు, పెదవి చిట్లి రక్తం చొక్కా మీదికి కారింది. నలుగురు కలిసి ఒక్కో వేలూ ఊడదీయాల్సి వచ్చింది. నోరా మొహం నీలంగా మారి మళ్ళీ రంగు తిరిగింది. రాబర్ట్‌ని నేల మీద అదిమి సూది వేశారు. కళ్ళు మూతపడేదాకా భార్య పేరు పెట్టి తిడుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఎవరినీ ఒప్పించాల్సిన పని లేకపోయింది. గార్డులొచ్చారు, అంటే ఇక్కడి పోలీసులు. నోరా గొంతు ఫొటోలు తీసుకున్నారు. రాబర్ట్‌ని వేరే పెద్ద ఆసుపత్రికి తరలించారు. వెళ్ళేముందు నోరా దమయంతి చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ తలుపు గడియ నేనే వేసుకుంటాను," అంది బొంగురు గొంతుతో. మెడ మీద వాతలు తేలి ఉన్నాయి. అయినా ఆమె నడకలో ఏదో తేలిక కనిపించింది.

దమయంతి వంటగదిలో కిటికీ పక్క వాలుకుర్చీలో కూర్చుంది. తల నొప్పి తగ్గాక కారు తీద్దామని. కాళ్ళు చల్లగా ఉన్నాయి. మనసు మాత్రం చాలా ఏళ్ళకి నిండుగా ఉంది.

యోనా పెదవికి దూది అదుముకుంటూ వచ్చాడు. "అక్కా, మీ మొహమేంటి అట్టా పాలిపోయింది? ఆ గోలలో తలకేమన్నా తగిలిందా?"

"ఏం లేదు యోనా. తగిల్తే చెప్పనా?"

"డాక్టర్ని పిలుస్తా."

"వద్దులే, పాపం వాళ్ళూ అలిసిపోయారు. కాసేపు కళ్ళు మూసుకుంటా. గ్రాండ్."

అతను దీపం తగ్గించి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు. ఆమె మోకాళ్ళ మీద ఎవరిదో రోగి దుప్పటి కప్పాడు కూడా. పొద్దుగూకాక లేపుదామని వచ్చేసరికి దమయంతి చెయ్యి కుర్చీ పక్కకి జారి ఉంది. చెంప ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది. యోనా అరిచిన అరుపు మెట్ల కింద దాకా వినిపించిందంటారు.

ఆ రాత్రి రామమోహన్ స్లైగో బస్సు దిగి, ఆసుపత్రికి నడిచే వచ్చాడు. కణత లోపల ఎముక చిట్లి, రక్తం పొద్దుటి నుంచి మెల్లిగా చేరుతూ వచ్చిందని డాక్టర్లు చెప్పారు. పొద్దున్నే చెప్పి ఉంటే బతికేదని కూడా చెప్పారు. ఆ రెండో మాట చెప్పకుండా ఉండాల్సింది. ఎక్కడ తగిలింది, ఎలా తగిలింది అని గార్డులు వారం రోజులు అడిగారు. ఫైలు తెరిచి చూశారు. గిన్నె ఎత్తాడని ఉంది గానీ, సిబ్బందికి గాయాలు లేవని ఆమె సంతకంతో, తేదీతో, నూటికి నూరు పడేలా ఉంది. ఇన్నేళ్ళూ మంచి మాటలే రాసిన మనిషికి, ఆ ఒక్క మంచి మాటకైనా తథాస్తు అనే దేవత లేకపోయింది.

యోనా ఒక రోజు గంజి కాయడానికి ప్రెస్ తెరిచాడు. వెనకాల, మూలకి నెట్టి, దళసరి అడుగున్న గిన్నె ఒకటి ఉంది. హ్యాండిల్ ఒక పక్కకి వాలిపోయి ఉంది, దానికి దారంతో కట్టిన అట్టముక్క మీద దమయంతి గుండ్రటి అక్షరాలు: "పాడయింది. దెబ్బ తగులుతుంది, జాగ్రత్త."